సీక్వెల్‌లో చీకటి: ఎంత, ఎక్కడ, ఎవరి ఖర్చు మీద

1982 జూన్‌లో, ఒక పిల్లాడికి స్నేహితుడైన గ్రహాంతరవాసి కథ ‘ఈ.టి.’ విడుదలైంది. నెల తిరిగిందో లేదో, జూలైలో, దర్శకుడు స్టీవెన్ స్పీల్‌బర్గ్, రచయిత్రి మెలిస్సా మాథిసన్ కూర్చుని రెండో భాగానికి ట్రీట్‌మెంట్, అంటే కథా సంగ్రహం, రాసేశారు. ఈసారి దిగే గ్రహాంతరవాసులు చెడ్డవాళ్లు. పిల్లల్ని పట్టుకుని హింసిస్తారు. ఆఖర్లో ఈ.టి. వచ్చి విడిపిస్తాడు. ఆ కథ కాగితం దాటి బయటికి రాలేదు. తీస్తే మొదటి సినిమాకే మచ్చ అని స్పీల్‌బర్గే పక్కన పెట్టేశారు. అలాగని ఆయనకు చీకటంటే భయమనుకోవడానికి లేదు. 1984లో ఇండియానా జోన్స్ రెండో సినిమాను ఎంత భీకరంగా తీశారంటే, ఆ గోల, దానికి తోడు ఆయన నిర్మాణంలో పాలుపంచుకున్న ‘గ్రెమ్లిన్స్’ మీద రేగిన గోల కలిసి, అదే ఏడాది జూలైలో అమెరికాలో పీజీ-13 (13 ఏళ్లలోపు పిల్లల విషయంలో తల్లిదండ్రులు జాగ్రత్తపడాలి) అనే కొత్త సర్టిఫికెట్‌నే పుట్టించాయి.

మనిషి ఒకడే. రెండేళ్ల తేడాలో రెండు నిర్ణయాలు. ఇండియానా జోన్స్ మొదటి సినిమా ప్రేక్షకుడికి ఇచ్చిన మాట సాహసం. ప్రమాదం ఎంత పెరిగినా ఆ మాట చెడదు. ఈ.టి. ఇచ్చిన మాట వేరు: పైనుంచి దిగేవాడు మనకు శత్రువే కానక్కర్లేదు. రెండో భాగంలో పైనుంచి రాక్షసులే దిగితే ఆ మాట కాస్తా గాలికి పోతుంది. కాబట్టి ‘ఆశ నింపే సైన్స్ ఫిక్షన్ రెండో భాగంలో నల్లబడాలా వద్దా’ అని అడిగే ముందు చూసుకోవలసింది రెండు ఖాతాలు. సినిమా ఇచ్చిన మాట ఒకటి. ఆ మాట నిలబెట్టుకోవడానికి పాత్రలు చెల్లించే ధర ఇంకొకటి. ధర ఎంతైనా పెంచవచ్చు. మాట తప్పితే మాత్రం సీక్వెల్ తన తండ్రి ఆస్తిని తనే తగలబెట్టుకున్నట్టు.

విశాఖపట్నంలో ఈ చర్చకు కొంచెం ఎక్కువ బరువుంది. ఇక్కడ చాలా ఇళ్లలో టెక్నాలజీ అంటే ఏ షిఫ్టు, బీ షిఫ్టు. 1948లో ‘జల ఉష’ ఓడను నీళ్లలోకి దించిన షిప్‌యార్డు, 1600 డిగ్రీల దగ్గర ఉక్కు మరిగే ప్లాంటు, ఆర్కే బీచ్ ఇసుకలో నిలబెట్టిన కురుసుర జలాంతర్గామి, రోడ్డుకు అవతల టీయూ-142 విమానం. యంత్రం పనిచేస్తుందనీ, పాడైతే బాగుచేసుకోవచ్చనీ నమ్మే ఊరు. అదే ఊరు 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానును కూడా చూసింది. ఇలాంటి ఊరికి భవిష్యత్తు గురించి పచ్చటి కథ చెబితే నమ్ముతుంది. ఆ పచ్చదనానికి దెబ్బ తగులుతుందంటే ఇంకా బాగా నమ్ముతుంది. అంతా అయిపోయింది, ఇక లేవడం లేదు అంటేనే నమ్మదు.

మాటకూ ధరకూ ఉన్న తేడా బాగా కనిపించేది అంతరిక్ష యాత్రల కథ స్టార్ ట్రెక్‌లో. 1966లో టీవీ సీరియల్‌గా మొదలైనప్పుడు అది చెప్పిందల్లా, మనుషులు కలిసి బతకడం నేర్చుకుంటారనీ, తెలివి భయాన్ని గెలుస్తుందనీ. 1979లో వచ్చిన మొదటి సినిమాకు సుమారు 4.4 కోట్ల డాలర్లు ఖర్చయింది. అందులో సగం సేపు మనుషులు తెర వైపు నోరు తెరుచుకుని చూస్తూ ఉంటారు. 1982లో నికొలస్ మేయర్ తీసిన రెండో సినిమా ‘ది రాత్ ఆఫ్ ఖాన్’కు దక్కింది సుమారు 1.2 కోట్ల డాలర్లు. ఒకే సెట్టును అటూ ఇటూ మార్చి రెండు అంతరిక్ష ఓడలకూ వాడారు. ఓడ డాక్ నుంచి బయల్దేరే షాట్లు పాత సినిమావే. డబ్బు తగ్గేసరికి నక్షత్రాలు తగ్గి ముఖాలు పెరిగాయి. సీక్వెల్స్ చీకటిలోకి వెళ్లడానికి కళాకారణాలు చాలామంది చెబుతారు గానీ, గదుల్లో జరిగే కథ చవగ్గా పూర్తవుతుందన్న సంగతి ఎవరూ పైకి అనరు.

ఆ సినిమా చీకటిని ఎలా కొలిచి పోసిందో దగ్గరగా చూడాలి. మొదటి సీన్‌లోనే ఓడలోని మేధావి స్పాక్ ‘చనిపోతాడు’. అది శిక్షణ కోసం పెట్టిన కృత్రిమ పరీక్ష అని వెంటనే తెలుస్తుంది. స్పాక్ చావబోతున్నాడన్న వార్త విడుదలకు ముందే బయటికి పొక్కింది. అందుకని ఈ దొంగ చావును ముందే పెట్టి ప్రేక్షకుడు ‘ఓహో, ఇదేనా’ అనుకునేలా చేశారు. ఆ పరీక్షలో గెలుపు అనేదే ఉండదు. ఓడ నాయకుడు కిర్క్ కుర్రతనంలో ఆ ప్రోగ్రామునే మార్చేసి గెలిచాడు. అంటే ఓటమి రుచి తెలియని మనిషి. ఇప్పుడు అతనికి వయసు మీద పడింది, చదవడానికి కళ్లజోడు కావాలి. ఇంత సరంజామా అమర్చాక చివరి అంకంలో స్పాక్ రేడియేషన్ గదిలోకి వెళ్లి ఇంజిన్ బాగుచేసి, గాజు గోడకు అవతల ప్రాణం వదులుతాడు. ఓడ బతికింది. ఎందుకు బతికింది? ఒకడు లెక్క సరిగ్గా వేశాడు కాబట్టి. తెలివి గెలుస్తుందన్న మాట అక్షరాలా నిలబడింది. ధర మాత్రం ఎవరూ ఊహించనంత.

అయినా ముందస్తు ప్రదర్శనలో జనం మరీ దిగాలుపడటంతో, కొత్తగా పుట్టిన పచ్చటి గ్రహం మీద స్పాక్ శవపేటిక నిలిచి ఉన్న షాట్ ఒకటి చేర్చారు. అది మేయర్‌కు నచ్చలేదు. నిర్మాతలు చేసింది తప్పని ఇప్పటికీ వాదించేవాళ్లున్నారు. కానీ ఆ షాట్ లేకపోతే 1984లో మూడో సినిమాకు తలుపే ఉండేది కాదు. ఆ మూడో సినిమాలో స్పాక్‌ను తిరిగి తెచ్చుకోవడానికి కిర్క్ కొడుకును పోగొట్టుకుంటాడు, ఓడను తన చేత్తోనే పేల్చేస్తాడు. ఒక చావు అప్పు తీరడానికి ఇంకో సినిమా మొత్తం పట్టింది.

ఇదే సీన్‌ను 2013లో ‘ఇంటూ డార్క్‌నెస్’ తిరగేసి వాడింది. ఈసారి గాజుకు అవతల చచ్చేది కిర్క్, ఇవతల ఏడ్చేది స్పాక్. కొద్ది నిమిషాలు గడిచాయో లేదో, విలన్ ఖాన్ నెత్తురు ఎక్కించి కిర్క్‌ను లేపేస్తారు. ధర చీటీ అంటించారు గానీ డబ్బు పుచ్చుకోలేదు. పైగా, చచ్చినవాణ్ని లేపే మందు దొరికిన లోకంలో ఆ తర్వాత ఎవరి చావుకు విలువ ఉంటుంది? ఆ చిక్కు ఎలా విప్పాలో తెలియక తర్వాతి సినిమా ఆ మందు సంగతే ఎత్తలేదు. పేరులోనే చీకటి పెట్టుకున్న సినిమాలో అసలు చీకటి లేదు. నిజమే, అది ప్రపంచమంతా కలిపి 46 కోట్ల డాలర్లు దాటి వసూలు చేసింది. 2016లో వచ్చిన తర్వాతి భాగం 34 కోట్ల దగ్గర ఆగింది. ఆ తగ్గుదలకు ఇదొక్కటే కారణమనడం తొందరపాటు. కానీ ఒక సీక్వెల్ చేసిన తప్పును దాని వసూళ్లలో వెతకకూడదు. ఆ బిల్లు తర్వాతి సినిమాకు వస్తుంది.

‘రాత్ ఆఫ్ ఖాన్’లో ఇంకో విశేషం విశాఖ వాళ్లకు ఇట్టే పట్టుబడుతుంది. చివరి పోరాటం ఒక నెబ్యులాలో, అంటే అంతరిక్షంలోని ధూళి మేఘంలో. అక్కడ స్కానర్లు పనిచేయవు, కవచాలు పనిచేయవు, ఎదుటి ఓడ ఎక్కడుందో తెలియదు. ఇది అచ్చం జలాంతర్గామి యుద్ధం. కురుసుర లోపల తల వంచుకుని ఒక్కొక్క గుండ్రటి తలుపూ దాటినవాళ్లకు ఆ ఇరుకు, ఆ ఊపిరి బిగపట్టడం వేరే చెప్పక్కర్లేదు. ఇక్కడ చీకటి అంటే కంటికి ఆనకపోవడం. ఆనకపోతే ఆలోచించాలి. ఖాన్ మహా తెలివైనవాడే, కానీ నేల మీది యుద్ధంలా ఎడమ, కుడి మాత్రమే చూస్తాడని స్పాక్ పసిగడతాడు. కిర్క్ ఓడను కిందికి దించి, అతని వెనక పైకి తేలతాడు. చీకటి పాత్రల బుర్రకు పని కల్పించింది. అది చాలా సీక్వెల్స్‌లో జరగదు. వర్షం, నల్లకోటు, మాట్లాడని హీరో, అంతే.

ఇక మాట తప్పిన సినిమాలు. ‘ఏలియన్స్’ చల్లటి సినిమా ఏమీ కాదు, కానీ 1986లో అది ముగిసింది ఆశతోనే. హీరోయిన్ రిప్లీ ఒక పాపను, ఒక సైనికుణ్ని బతికించుకుని ఇంటిదారి పట్టింది. 1992లో ‘ఏలియన్ 3’ టైటిల్స్ పూర్తి కాకముందే ఆ ఇద్దరూ చచ్చిపోయారు. రెండు గంటలకు పైగా ప్రేక్షకుడు కుర్చీ అంచున కూర్చుని కాపాడుకున్న ప్రాణాలు పేర్లు పడుతుండగా పోయాయి. 2019లో ‘టెర్మినేటర్: డార్క్ ఫేట్’ కూడా ఇదే పని చేసింది. 1991 నాటి రెండో సినిమా మొత్తం ఏ పిల్లాడి కోసం జరిగిందో ఆ జాన్ కానర్‌ను మొదటి నిమిషాల్లోనే కాల్చేశారు. దానికంటే ముందే, 2003లో మూడో భాగం ఇంకా లోతుగా తవ్వింది. విధిని మనం మార్చుకోగలం అన్నది రెండో సినిమా ప్రాణం. మార్చలేం, వాయిదా మాత్రమే వేశాం అని మూడో సినిమా తేల్చింది. ఆ ముగింపు ధైర్యంగానే ఉంటుంది, విడిగా చూస్తే బాగుంటుంది కూడా. కానీ అది రెండో సినిమా గెలుపును చెరిపేస్తే తప్ప నిలబడని ధైర్యం. ఆ తర్వాత 2015లో, 2019లో వచ్చిన భాగాలు మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టుకోవలసి వచ్చింది, ఎందుకంటే ఏ గెలుపూ నిలవదని ప్రేక్షకుడికి తెలిసిపోయింది.

చావు చూపించడం తప్పు కాదు. ఎప్పుడు, ఎవరి చేత అన్నదే లెక్క. పాత్ర తను ఎంచుకున్న దారిలో చస్తే అది ధర. రచయిత కొత్త కథకు చోటు ఖాళీ చేసుకోవడానికి చంపితే అది సామాను సర్దడం. స్క్రిప్టు మీద దీన్ని పట్టుకోవడం తేలిక. చావు మొదటి 10 పేజీల్లో ఉందా, ఆ పాత్ర అంతకుముందు ఒక్క నిర్ణయమైనా తీసుకుందా అని చూస్తే చాలు.

‘బ్యాక్ టు ద ఫ్యూచర్’ రెండో భాగం చీకటికి పిడి అమర్చింది. 1985లో వచ్చిన మొదటిది ఎండ కాసినట్టుండే సినిమా. 1989 నాటి రెండోదాంట్లో, కాలయంత్రంలో తిరిగే కుర్రాడు మార్టీ తన ఊరికి తిరిగొచ్చేసరికి ఊరు ఊరులా లేదు. విలన్ బిఫ్ కాసినో కట్టుకుని ఏలుతున్నాడు, మార్టీ తండ్రి 1973లోనే హతమయ్యాడు, సమాధి రాయి కళ్లెదుట ఉంది. పిల్లలు చూసే కామెడీకి ఇది చాలా ఎక్కువ మోతాదు. అది చేదుగా మిగలకపోవడానికి కారణం ఒక నల్లబల్ల. శాస్త్రవేత్త డాక్ బ్రౌన్ సుద్దముక్క తీసుకుని ఒక గీత గీస్తాడు, ఒకచోట దాన్ని పక్కకు చీల్చి, తప్పు ఇక్కడ జరిగింది అని చూపిస్తాడు. ఒక పుస్తకాన్ని వెనక్కి తెచ్చి కాల్చేస్తే ఊరు మళ్లీ ఊరవుతుంది. ఎంత ఘోరం చూపించినా, దాన్ని విప్పే తాడు కొస ప్రేక్షకుడి చేతిలో పెట్టారు. పైగా కథ మధ్యలో ఆగిపోయినా, మూడో భాగం ముక్కలు సినిమా చివర్లోనే చూపించి, ఆరు నెలల్లో దాన్ని విడుదల చేశారు.

ఈ ఆరు నెలలు చిన్న విషయం కాదు. చీకటి ముగింపుకు తర్వాతి భాగం ఎంత దూరంలో ఉందన్నది కూడా కథలో భాగమే. స్టార్ వార్స్ రెండో సినిమా ‘ఎంపైర్ స్ట్రైక్స్ బ్యాక్’ 1980 మేలో చేయి తెగిన హీరోతో, గడ్డకట్టించి ఎత్తుకుపోయిన స్నేహితుడితో ముగిసింది. జవాబు 1983 మేలో వచ్చింది. మూడేళ్లు జనం వాదించుకుంటూ ఎదురుచూశారు. మన దగ్గర ‘బాహుబలి’ మొదటి భాగం 2015 జూలైలో ఒక కత్తిపోటుతో ఆగి, 2017 ఏప్రిల్‌లో జవాబు చెప్పింది. ఈ రెండింటిలోనూ మిగిలింది ప్రశ్న, నిరాశ కాదు. ప్రశ్నతో జనం రెండేళ్లు హాయిగా బతుకుతారు. నిరాశతో రెండు వారాలు కూడా ఉండరు, వేరే సినిమాకు వెళ్లిపోతారు.

హాలీవుడ్ రచయితలకు లేని ఒక సదుపాయం తెలుగు సినిమాకు ఉంది, అది ఇంటర్వెల్. సినిమాలోకెల్లా బరువైన దెబ్బను ఇంటర్వెల్ బ్యాంగ్ దగ్గర వేయవచ్చు. 15 నిమిషాల విరామంలో సమోసా చేతిలో పట్టుకుని జనం దాని గురించి మాట్లాడుకుంటారు, తేరుకుంటారు, సెకండాఫ్‌లో మరమ్మతు ఎలా జరుగుతుందో చూడటానికి సిద్ధమై కూర్చుంటారు. అదే దెబ్బను క్లైమాక్స్‌లో వేస్తే ఆ బరువు జగదాంబ సెంటర్ ట్రాఫిక్‌లోకి, అక్కడినుంచి ఇంటికి వస్తుంది. 150 నిమిషాల సినిమాలో పెద్ద నష్టం 70, 80 నిమిషాల మధ్య, అడుగంటిన స్థితి 110 దగ్గర, ఆ తర్వాత కనీసం 25 నిమిషాలు పని. దుఃఖించడానికి కాదు, బాగుచేయడానికి. సెకండాఫ్ తేలిపోయే చాలా సినిమాల్లో ఈ 25 నిమిషాలు ఫైటుకు పోతాయి.

నవ్వు సంగతి కూడా చెప్పుకోవాలి. కథ నల్లబడగానే కామెడీని తీసేయడం రివాజుగా మారింది. ‘ఎంపైర్’లో బంగారు రోబో సీ-త్రీపీవోను ముక్కలుముక్కలుగా పేల్చేస్తారు. ఆ ముక్కల్ని హీరో బృందంలోని చూబాకా వల సంచీలో వేసి వీపున మోస్తుంటే, తల మాత్రం వెనక్కి తిరిగి ఆగకుండా నస పెడుతూ ఉంటుంది. దెబ్బ కనిపిస్తోంది, నవ్వూ వస్తోంది. నవ్వించే పాత్రకు కూడా గాయం చేయండి, నోరు మాత్రం మూయించకండి. వంటింట్లో కారం ఎక్కువైన రోజే పెరుగు గుర్తుకొస్తుంది కదా.

ఇక్కడే ఇంకో పొరపాటు: కథలో చీకటిని బొమ్మలో చీకటి అనుకోవడం. ‘ఎంపైర్’ మొదటి అరగంట తెల్లటి మంచులో, బయటి షాట్లు నార్వేలో తీసినవి. ద్రోహం జరిగేది మేఘాల మీద సూర్యాస్తమయపు రంగుల్లో. స్నేహితుణ్ని గడ్డకట్టించే గది అంతా నారింజ వెలుగు, నీలి పొగ. ముఖాలు ఎక్కడా పోవు. ఇప్పటి సీక్వెల్స్‌లో డీఐ గదిలోనే, అంటే రంగులు దిద్దే చోటే, నీలం, బూడిద రంగులు పిండేసి, నలుపు కిందికి లాగేసి, ఇదే పరిణతి అంటున్నారు. ఆ కలరిస్టు చూసే తెరకూ ఊళ్లో హాలుకూ చాలా దూరం. డిజిటల్ సినిమా ప్రమాణం ప్రకారం తెర మధ్యలో తెలుపు 14 ఫుట్ ల్యాంబర్ట్‌లు (తెర వెలుతురు కొలత) ఉండాలి. త్రీడీలో ఫిల్టరు, కళ్లద్దాలు దాటి కంటికి చేరేది చాలాచోట్ల అందులో మూడో వంతు కూడా ఉండదు. ప్రొజెక్టరులోని జెనాన్ దీపం గంటలు నిండేకొద్దీ ఇంకా మసకబారుతుంది. ఆ వెలుతురులో నీలి రాత్రి ఫైటు అంటే బొగ్గు గోనెలో నల్లపిల్లి. త్రీడీకి విడిగా ఇంకో గ్రేడ్, అంటే రంగుల దిద్దుబాటు, చేయించాలి. రాత్రి సీన్ ప్రతి ఫ్రేములో కనిపించే దీపం ఒకటి ఉండాలి, లాంతరో, కంప్యూటర్ తెరో, కొలిమో. లాక్ చేసే ముందు దీపం చివరి రోజుల్లో ఉన్న ఒక సింగిల్ స్క్రీన్‌లో ఒక రీలు వేసి చూడాలి. ఖర్చు ఒక ఉదయం. అది తప్పించుకుంటే ఆరు నెలల గ్రాఫిక్స్ పని ఎవరికీ కనబడదు.

సర్టిఫికెట్ లెక్క కూడా ముందే వేసుకోవలసిందే. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టం సవరించాక యూఏ అనేది 7+, 13+, 16+ అని మూడుగా విడిపోయింది. ఇవి తల్లిదండ్రులకు సూచనలు, పిల్లల్ని హాలు గుమ్మం దగ్గర ఆపవు. పెద్దలకు మాత్రమే అనే ‘ఏ’ సర్టిఫికెట్ ఆపుతుంది. అలాంటి సినిమాను టీవీలో వేయాలంటే మళ్లీ సెన్సారుకు వెళ్లి కోతలు పెట్టించుకోవాలి. మొదటి భాగాన్ని 8 ఏళ్ల పిల్లలు చూసి ఉంటే, మూడేళ్ల తర్వాత వాళ్లకు 11. ‘మన ప్రేక్షకులు ఎదిగారు’ అని నిర్మాతలు అనేది వీళ్ల గురించే. కానీ ఈలోగా మొదటి భాగాన్ని టీవీలో చూసిన కొత్త 8 ఏళ్లవాళ్లు తయారై ఉంటారు. చీకటిని నెత్తురుతో చూపిస్తే వీళ్లు పోతారు. ఖాళీ కుర్చీతో, మోగని ఫోనుతో చూపిస్తే ఎవరూ పోరు.

మన సినిమాల్లో సీక్వెల్ దాకా వచ్చిన ఆశావాద సైన్స్ ఫిక్షన్ తక్కువే. హిందీలో 2003 నాటి ‘కోయీ మిల్ గయా’ సరిగ్గా ఈ.టి. బాటలోది. మంచి గ్రహాంతరవాసి, సూర్యరశ్మితో వచ్చే శక్తి. 2006లో ‘క్రిష్’ కథను నల్లబరిచింది. చనిపోయాడని ఇంట్లో అనుకుంటున్న మొదటి సినిమా హీరో రోహిత్ ఏళ్ల తరబడి బందీగా ఉన్నాడని తేలింది. 2013లో మూడో భాగంలో రోహిత్ కొడుకును బతికించి తను పోయాడు. సినిమాలుగా వాటి ఎగుడుదిగుళ్లు వేరే మాట. కానీ ఆకాశం నుంచి వచ్చింది మేలే అన్న మూలమాటను మూడింటిలో ఏదీ ముట్టుకోలేదు. మూడోదాంట్లో ప్రాణం నిలిపేది కూడా సూర్యరశ్మే. ‘రోబో’ది వేరే చిక్కు. 2010లో మరమనిషి చిట్టి తనను తానే విప్పుకుని ముక్కలుగా పెట్టే సీన్ ఆ సినిమా మొత్తానికి గుండెకాయ. 2018లో ‘2.0’కి చిట్టి కావలసి వచ్చి మళ్లీ బిగించేశారు. ఆ త్యాగం విలువ కొంత తగ్గింది, అది తప్పదు. అయితే విలన్ పక్షిరాజు కోపానికి న్యాయం ఉంది, చివర్లో అతని మాటకు కొంత ఒప్పుకోలూ ఉంది. సెల్‌ఫోన్ అనే సౌకర్యం లోంచే చీకటి పుట్టడం ఆ సినిమా ఎంచుకున్న సరైన దారి.

తెలుగులో మాత్రం ఈ ప్రశ్నకు జవాబు సీక్వెల్ అవసరం లేకుండానే 1991లో ఒకరు రాసి పెట్టారు. సింగీతం శ్రీనివాసరావు ‘ఆదిత్య 369’లో కాలయంత్రం ముందు 1526లో కృష్ణదేవరాయల కొలువుకు వెళుతుంది. వైభవం, పాట, నవ్వు అన్నీ అయ్యాక 2504కు దూకుతుంది. అక్కడ అణుయుద్ధం అయిపోయింది. రేడియేషన్ భయంతో జనం నేల కింద బతుకుతున్నారు. పిల్లలతో కలిసి చూసే సినిమాలో, వినోదం మధ్యలో, ఇంత చేదు. అది గొంతులో అడ్డుపడకపోవడానికి కారణం క్రమం. ముందు గతం తీపి, తర్వాత భవిష్యత్తు చేదు, ఆ తర్వాత వర్తమానానికి తిరుగు ప్రయాణం. యుద్ధం ఇంకా జరగలేదు కాబట్టి ఆ చేదు మందులా పనిచేస్తుంది. దీనికి కొనసాగింపు తీస్తామన్న మాట ఎప్పటినుంచో వినబడుతోంది. తీసేవాళ్లు మొత్తం కథను 2504 నేలమాళిగలో పెట్టాలని ఆశపడవచ్చు. పెడితే కాలయంత్రం తిరుగు టిక్కెట్టు లేని బస్సు అయిపోతుంది.

2024 నాటి ‘కల్కి 2898 ఏడీ’కి ఇదంతా తలకిందులు. గంగ ఎండిన కాశీతోనే మొదలైంది. దాని రెండో భాగం ఇంకా నల్లబడటానికి చోటు లేదు. అది నేర్చుకోవలసింది 1991 నాటి టెర్మినేటర్ దగ్గర, అంటే చీకట్లో మొదలుపెట్టి వెలుతురు ఎలా సంపాదించాలో.

చీకటి ఎక్కడినుంచి తేవాలి? బయటినుంచి విలన్‌ను దించడం అన్నిటికన్నా బద్ధకమైన పద్ధతి. మొదటి భాగం గర్వంగా చూపించిన పరిష్కారంలోనే దాన్ని వెతకాలి. విశాఖలోనే ఒక కథ ఊహించి చూద్దాం. మొదటి భాగంలో పెదజాలరిపేట పిల్ల పైడితల్లి ఇంజినీరవుతుంది, సముద్రపు నీటిని మంచినీరు చేసే ప్లాంటు కడుతుంది. ఆఖరి షాట్‌లో పేటలో కుళాయి తిప్పితే నీళ్లు దూకుతాయి. ఆ సినిమా ఇచ్చిన మాటను ఒక వాక్యంలో రాసుకోవాలి: తెలిసినవాళ్లు, అవసరమైనవాళ్లు కలిసి పనిచేస్తే ఊరు బతుకుతుంది. ఈ కాగితం గోడకు అంటించి, రెండో భాగం వన్ లైన్ ఆర్డర్ (సీన్ల వరస) మొత్తం దాని కింద రాయాలి.

ఇప్పుడు లెక్క. సముద్రపు నీటిని 60 బార్ల (మామూలు గాలి ఒత్తిడికి దాదాపు 60 రెట్లు) చుట్టుపక్కల ఒత్తిడితో పొర గుండా తోస్తే 100 లీటర్లకు దాదాపు 40 లీటర్ల మంచినీరు వస్తుంది. మిగతా 60 లీటర్లు సముద్రంలోకే. లీటరుకు 35 గ్రాముల చొప్పున 100 లీటర్లలో ఉన్న ఉప్పంతా ఆ 60 లీటర్లలోకి చేరుతుంది, అంటే లీటరుకు సుమారు 58 గ్రాములు. ఈ చిక్కటి ఉప్పునీరు మామూలు నీటికన్నా బరువు. చెదరగొట్టకుండా ఒక్క గొట్టంలోంచి వదిలితే కిందికి దిగి, సముద్రపు అడుగున దుప్పటిలా పరుచుకుంటుంది. అడుగున బతికే జీవాలకు ఊపిరాడదు. రెండో భాగానికి కావలసిన చీకటి అంతా ఈ పేరాలోనే ఉంది. విలన్ అక్కర్లేదు. పైడితల్లి మంచిదే, ప్లాంటు మంచిదే, గొట్టం మాత్రం పొట్టిది.

15వ నిమిషం దాకా కుళాయి దగ్గర సందడి, నవ్వులు ఉండనివ్వాలి. ఆ తర్వాత వలలు తేలిగ్గా పైకి రావడం మొదలవుతుంది. ఎవరూ మాట్లాడరు. 40వ నిమిషంలో వరసకు మావయ్య అయిన ముసలి జాలరి ఆమె ముందు ఖాళీ తట్ట పెట్టి ఒకే మాట అనాలి: “నీలిచ్చినావే గుంటా, సేపల్నట్టుకుపోనావు.” ఆమె నమ్మదు. లెక్కలు చూపిస్తుంది. ఒడ్డు దగ్గర చేప లేక బోట్లు దూరం పోవడం మొదలవుతుంది. ఇంటర్వెల్‌కు ఆ ముసలాయన బోటు తిరిగి రాదు. ఆ సీన్‌లో తుపాను గ్రాఫిక్స్ పెట్టాలని అందరికీ మనసు లాగుతుంది. పెట్టకూడదు. ఫిషింగ్ హార్బర్‌లో లంగరు తాడు ఒకటి ఖాళీగా నీళ్లలో ఆడుతుంటే చాలు.

తుపాను సెకండాఫ్‌లో, 110వ నిమిషం దగ్గర. ఇక్కడ హుద్‌హుద్ చూసిన ఊరిని మోసం చేయలేం. గంటకు 170 కిలోమీటర్లు దాటిన ఆ గాలికి విమానాశ్రయం పైకప్పు లేచిపోయింది, కైలాసగిరి చెట్లు మొండి కొమ్మలయ్యాయి, రోజుల తరబడి కరెంటూ లేదు, ఫోన్లూ లేవు. తర్వాత గుర్తున్నది గాలి కన్నా ఆ రోజులే: పాల ప్యాకెట్టు కోసం, బిందెడు నీళ్ల కోసం నిలబడ్డ క్యూలు. కాబట్టి కథలో ఊరికి నీళ్లిచ్చేది ఆ ప్లాంటు ఒక్కటే అయిన రోజునే, దాని గొట్టం పేటను చంపుతోందని పైడితల్లి బహిరంగంగా ఒప్పుకోవాలి. ఆపితే దాహం, నడిపితే ఆకలి. ఇంతకన్నా నల్లటి సీన్ ఏ గ్రహాంతర దాడితోనూ రాదు.

మరమ్మతు 115వ నిమిషంలో మొదలవుతుంది, తెర మీద కనబడాలి. సముద్రంలోకి పొడుగాటి గొట్టం, దాని చివర వరసగా చిన్న మూతులు. ఒక్కో మూతి నుంచి ఉప్పునీరు వేగంగా పైకి చిమ్మి, చుట్టూ ఉన్న నీటిలో కలిసి పలచబడాలి. ఎక్కడ ప్రవాహం బాగుంటుందో ఇంజినీర్ల మ్యాపు కంటే వలలు వేసినవాళ్లకే బాగా తెలుసు, కాబట్టి గొట్టం చివర ఎక్కడ పెట్టాలో చెప్పేది పేటవాళ్లే. గోడ మీది వాక్యం ఇక్కడ మళ్లీ పనిలోకి వస్తుంది. పాత ప్లాంటును సగం సామర్థ్యంతో నడపాలి. ముసలాయన తిరిగి రాడు. మందు పోసి లేపడం ఉండదు.

ఆఖరి షాట్ మొదటి భాగంలో చూసిన అదే కుళాయి, కెమెరా అదే ఎత్తులో. అప్పుడు బిందె నిండటానికి ఒక నిమిషం పట్టింది. ఇప్పుడు రెండు. బిందె నిండేదాకా కట్ చేయకూడదు.